పదకొండేళ్ళ పిల్లకి లైబ్రరీలో తన కథ దొరకాలంటే

కిందటి ఎండాకాలం సెలవుల్లో మా మేనకోడల్ని వెంటబెట్టుకుని మా మండలం శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఆరో తరగతిలో చేరబోతున్న పిల్ల. బీరువా ముందు గొంతుక్కూర్చుని పావుగంట వెతికింది. కింది అర చూపించి, "ఇవన్నీ కుందేలూ తాబేలూ అత్తా, చిన్నపిల్లలవి" అంది. పై అర చూపించి, "అవన్నీ అమ్మమ్మ చదివేవి" అంది. లేచి గౌను దులుపుకుని, పేపర్ల బల్ల దగ్గర ఎవరో సగం నింపి వదిలేసిన గళ్ళనుడికట్టు పూర్తి చేయడానికి వెళ్ళిపోయింది.

ఆ రెండు అరల మధ్య ఉన్న ఖాళీ గురించే ఇదంతా రాస్తున్నాను. 9 నుంచి 12 ఏళ్ళ ఆడపిల్లలకి నీతికథలు చప్పగా ఉంటాయి, వీక్లీ సీరియళ్ళేమో ఇంకా అందవు. తెలుగులో ఈ వయసుకి విడిగా పేరు లేదు, అర లేదు. మూడేళ్ళ పసివాడి బొమ్మల పుస్తకం నుంచి పదో తరగతి పిల్ల చదివే నవల దాకా అన్నీ 'బాల సాహిత్యం' అన్న ఒక్క కుప్పలోనే ఉంటాయి. కాబట్టి వెతుకులాట మనమే చేయాలి. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారాలు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్ళడం అలవాటు. చాలాసార్లు తప్పు పుస్తకం ఇచ్చి నేర్చుకున్న సంగతులివి.

మొదటి అడుగు: ముందు పిల్లని చూడండి

"నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే "ఏమో" అంటుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే అప్పటికే నాలుగు పుస్తకాలు చదివి ఉండాలి కదా. నేను అడిగేవి వేరు. ఇప్పుడు ఎవరితో కటీఫ్? టీవీ సీరియల్లో ఎవర్ని చూస్తే ఒళ్ళు మండుతుంది? మీ ఇంట్లో నీకు అన్యాయం జరిగిందని ఎప్పుడనిపించింది? మూడోది అడిగాక మాత్రం కాస్త తీరిగ్గా కూర్చోండి. గట్టు తెగినట్టే.

ఇన్నేళ్ళలో నా చెవిన పడినవి కొన్ని చెబుతాను. అయిదో తరగతి దాకా ఊళ్ళో బడి, అందరూ తెలిసినవాళ్ళే. ఆరులో పక్కూరి హైస్కూలు, ఆటోలో పదిమంది మధ్య ఒత్తుకుని ప్రయాణం, కొత్త క్లాసులో పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. ప్రాణస్నేహితురాలు గురుకులంలో సీటొచ్చి వెళ్ళిపోతుంది. తమ్ముడికి కొత్త సైకిలొస్తే తనకి చున్నీ వస్తుంది, దాంతోపాటు "కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చో" అన్న మాట కూడా. గోదావరి పాయల మధ్య లంక ఊళ్ళ పిల్లలైతే వరదప్పుడు ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద పడుకున్న రాత్రుల గురించి ఎంతైనా చెబుతారు. రంగు తక్కువని ఒకరికి, పళ్ళు ఎత్తని ఇంకొకరికి దిగులు. పెద్దమనిషైతే పందిరేసి, మైకు పెట్టి, ఫ్లెక్సీ కట్టి ఊరంతా చాటుతారని ఒకమ్మాయికి టెన్షన్. ఆ ఫ్లెక్సీ మీద తన ఫొటో ఎంత పెద్దది వేస్తారా అని ఇంకో అమ్మాయికి సంబరం. ఇద్దరిదీ ఒకటే క్లాసు, ఒకటే బెంచీ.

ఇంకొకటుంది. మన గోదావరి డెల్టాలో కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళిన అమ్మలు చాలామంది. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. "అమ్మ వీడియో కాల్ చేసినప్పుడు ఏం మాట్లాడాలో తెలియదండి, తిన్నావా అంటుంది, తిన్నానంటాను" అంది ఒకమ్మాయి. ఆ పిల్లకి కావలసిన కథలో కువైట్ ఉండనక్కర్లేదు. దూరంగా ఉన్న మనిషితో మాటలు ఎలా తగ్గిపోతాయో అందులో ఉంటే చాలు.

ఇలాంటి సంగతులు రెండు మనసులో పెట్టుకుని లైబ్రరీకి బయల్దేరండి. పిల్లకి మాత్రం చెప్పకండి. "నీ సమస్య మీద పుస్తకం తెచ్చానమ్మా" అన్న మరుక్షణం ఆ పుస్తకం మందు సీసా అయిపోతుంది.

రెండో అడుగు: మీ లైబ్రరీ సంగతి తెలుసుకోండి

దీనికి ఎక్కువ సేపు పట్టదు. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరుస్తారు, మధ్యాహ్నం తాళమే. మా దగ్గర శుక్రవారం సెలవు. అక్కడే కూర్చుని చదువుకోవడానికి ఏమీ కట్టక్కర్లేదు. ఇంటికి తెచ్చుకోవాలంటే కొంత డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలి. ఎంత కట్టాలి, ఒకసారికి ఎన్ని పుస్తకాలిస్తారు, పిల్లల పేరు మీద కార్డు ఇస్తారా, ఆధార్ జిరాక్స్ కావాలా అన్నవి అక్కడే అడగండి. వీలైతే కార్డు పిల్ల పేరు మీదే తీసుకోండి. సొంత సంతకంతో పుస్తకం తెచ్చుకునే పిల్ల నడకే వేరుగా ఉంటుంది.

అడగడానికి మొహమాటపడేవాళ్ళకి ఒక మాట. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ బీరువాల్లో మన పైసలున్నాయి. పైగా ఈ నేలకీ లైబ్రరీకీ పాత చుట్టరికం. గ్రంథాలయోద్యమ పితామహుడని పేరుపడిన అయ్యంకి వెంకటరమణయ్య గారు 1890లో పుట్టింది బిక్కవోలు దగ్గర కొంకుదురులో. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది. అవతల కృష్ణా డెల్టాలో 1935లోనే కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ పడవ మా కాలవలోకి ఎప్పుడొస్తుందా అని నాకు ఇప్పటికీ ఆశ.

లైబ్రేరియన్ గారితో పరిచయం పెంచుకోండి. చాలాచోట్ల ఆయనొక్కరే తాళం తీయాలి, పేపర్లు సర్దాలి, రిజిస్టర్ రాయాలి. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళతో హాలు నిండి ఉంటుంది. రద్దీ లేని వేళ వెళ్ళి, "మాస్టారూ, ఈ బీరువా తాళం ఒకసారి తీస్తారా, మేమే వెతుక్కుని మళ్ళీ సర్దేస్తాం" అంటే కాదనేవాళ్ళు నాకు తగల్లేదు. అన్నట్టే సర్దేసి రావాలి మరి.

మూడో అడుగు: బీరువా వేట

అసలు పని ఇక్కడే. 'పిల్లలు' అని చీటీ ఉన్న అరతో మొదలుపెట్టి, అక్కడితో ఆగిపోకుండా వెతకాలి.

పిల్లల అరలో పైకి కనిపించేవి పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, మహనీయుల జీవితాలు. వాటి వెనకాల, సన్నగా ఉండటం వల్ల లోపలికి జారిపోయినవి ఉంటాయి. చెయ్యి పెట్టి తీయండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ఇలాగే దొరుకుతాయి. ఇతర భారతీయ భాషల కథలు తెలుగులోకి వచ్చిన వరస అది. సికింద్రాబాద్ నుంచి వచ్చే 'మంచి పుస్తకం' సంస్థ వాళ్ళ ప్రచురణలు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి కూడా వీపు మీద పేరు చూసి బయటికి లాగండి. అట్ట మీద బొమ్మ పాతకాలంగా ఉందని వదిలేయకండి. లోపల పిల్లలు నిజంగా పిల్లల్లా మాట్లాడే కథలుండొచ్చు.

తర్వాత పెద్దల అర. అక్కడ నవలల జోలికి వెంటనే పోకండి. కథా సంపుటాలు తీయండి, ముఖ్యంగా రచయిత్రులవి. పాతిక కథల పుస్తకంలో రెండో మూడో చిన్నపిల్ల కళ్ళతో చెప్పినవి ఉంటాయి. బడి, హాస్టలు, అమ్మానాన్నల గొడవ, పక్కింటి అక్క పెళ్ళి లాంటివి. కథాసాహితి వాళ్ళు 1990 కథలతో మొదలుపెట్టి ఏటా ఒక సంకలనం తెస్తున్నారు. ఒకటి రెండు సంవత్సరాలవైనా మీ లైబ్రరీలో ఉంటాయేమో చూడండి. పుస్తకమంతా పిల్ల చేతిలో పెట్టొద్దు. మీరు ముందు చదివి, ఆ రెండు కథల దగ్గర కాగితం ముక్క పెట్టి ఇవ్వండి. నా దృష్టిలో ఈ వయసుకి తెలుగులో అసలైన నిధి ఇదే. నవల లేదని ఏడవడం కన్నా కథల్ని ఏరుకోవడం మేలు.

జిల్లా కేంద్రంలో ఉన్న పెద్ద గ్రంథాలయానికి వెళ్తే, పుస్తకాల్ని విషయం ప్రకారం సర్దడానికి వేసే డ్యూయీ నంబర్లు పనికొస్తాయి. తెలుగు సాహిత్యానికి 894.827. దాని చివర 3 చేరి 894.8273 అయితే కథలు, నవలలు. మా లాంటి శాఖల్లో చాలా పుస్తకాలకి నంబరు చీటీ ఎప్పుడో ఊడిపోయింది, జిగురు మరక మాత్రమే ఉంటుంది. పైగా మంచి పుస్తకం ఉండాల్సిన చోటే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. జపాన్ పిల్ల టొట్టోచాన్ జ్ఞాపకాలు తెలుగులో 'రైలుబడి' అన్న పేరుతో వచ్చాయి. మా లైబ్రరీలో అది విద్య పుస్తకాల్లో, బీఈడీ గైడ్ల పక్కన నిలబడి ఉంది. ఎన్నాళ్ళనుంచో, ఎవరూ తీసిన గుర్తు లేదు. అందుకే విద్య, జీవిత చరిత్రలు, యాత్రలు అన్న అరల్లో కూడా ఒక చూపు వేయండి.

1947లో మొదలైన చందమామ పాత బైండులు దొరికితే అదృష్టమే. చదివే వేగం పెరగడానికి దాన్ని మించింది లేదు. కానీ అందులో ఆడపిల్ల ఎక్కువగా రాకుమారి. స్వయంవరంలో దండ పట్టుకుని నిలబడుతుంది. మా మేనకోడలు అడిగే 'నాలాంటి పిల్ల' అక్కడ అరుదు.

నాలుగో అడుగు: ఇవ్వబోయే ముందు పరీక్ష

ఐదు వేళ్ళ లెక్క చాలామందికి తెలిసే ఉంటుంది. ఏదో ఒక పేజీ తెరిచి పిల్లని చదవమనాలి, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, పేజీ అయ్యేలోపు ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడు బరువు. తెలుగుకి ఇది సగమే పనిచేస్తుంది. మన దగ్గర ఒక్కో మాట తెలిసినా అవి అతుక్కుని వచ్చినప్పుడు పిల్లలు తడబడతారు. కాబట్టి నేను ఇంకొకటి చూస్తాను. ఒక వాక్యం కోసం మూడుసార్లు వెనక్కి వెళ్తోందంటే ఆ పుస్తకం ఇంకో ఏడాది ఆగొచ్చు. రాయలసీమ, తెలంగాణ యాసలో రాసిన కథల్ని ఈ లెక్కతో తోసేయకండి. మొదటి పేజీ పైకి చదివి వినిపిస్తే చెవికి పట్టేస్తుంది, తర్వాత వాళ్ళే నవ్వుకుంటూ చదువుతారు.

మాటల పరీక్ష అయ్యాక కథ పరీక్ష. ఇది మీరు ఒక్కరే చేయాలి. కథలో ఆడపిల్ల ఏమైనా చేస్తుందా, లేక ఆమెకి అన్నీ జరుగుతుంటాయా? ఒక్క నిర్ణయమైనా, తప్పుదైనా సరే, తనే తీసుకోవాలి. చివరి పేజీ కూడా ముందే చూడండి. అక్కడ తాతయ్యో మాస్టారో వచ్చి "కాబట్టి పిల్లలూ" అని మొదలుపెడితే నా వరకు ఆ పుస్తకం మళ్ళీ బీరువాలోకే. నవ్వు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఆడపిల్లల కథ అనగానే మనవాళ్ళు కష్టాలు రాస్తారు. పదకొండేళ్ళ పిల్ల రోజుకి వందసార్లు నవ్వుతుంది, కథలో ఒక్కసారైనా నవ్వొద్దూ!

ఇక్కడ మన గోదావరి ఒడ్డు మాట ఒకటి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు లేని తెలుగిల్లు ఉండకూడదంటాను. కానీ అల్లరంతా బుడుగుది, సీగాన పెసూనాంబ పక్కింటి పిల్ల. ఆడపిల్లలు కూడా పొట్ట పట్టుకుని నవ్వుతారు, అందులో లోటేం లేదు. నవ్వడం అయ్యాక, "ఇదే సంగతి పెసూనాంబ చెబితే ఎలా ఉంటుందే?" అని అడగండి. మా ఏడో తరగతి అమ్మాయి ఒకతి రాత్రికి రాత్రి రెండు పేజీలు రాసుకొచ్చింది. మొదటి వాక్యం: "బుడుగు చెప్పిందంతా నమ్మకండి."

ఐదో అడుగు: మూడు పుస్తకాలు

ఒకే పుస్తకం చేతిలో పెట్టి "ఇది చదువు" అంటే హోంవర్కు అవుతుంది. ముప్పై చూపిస్తే కళ్ళు తిరుగుతాయి. మూడు చాలు. ఒకటి దగ్గరిది, మన ఊళ్ళలాంటి ఊరు, మన ఇళ్ళలాంటి ఇల్లు. రెండోది దూరానిది, వేరే రాష్ట్రమో వేరే దేశమో, కానీ లోపలి బాధ తనదే. మూడోది పూర్తిగా తన ఇష్టం, మీకు ఎంత చెత్తగా కనిపించినా సరే.

మా మేనకోడలి కోసం ఎంచినప్పుడు నేను ఎంత తెలివిగా ఎంచాననుకున్నానో! మొదటిది ఒక కథ. కాలవ, కొబ్బరిచెట్లు, రేవు, అమ్మమ్మ అన్నీ ఉన్నాయి, కథలో పిల్లకి కూడా పదకొండేళ్ళే. రెండోది బీఈడీ గైడ్ల పక్కనుంచి తీసిన రైలుబడి. మూడోది తను తెచ్చుకుంది, పుర్రె బొమ్మ ఉన్న డిటెక్టివ్ నవల, సగం అట్ట లేదు. పేజీలు తిరగేసి చూశాను. హత్య తప్ప ఇంకేం లేదు, సరేనన్నాను.

రెండు రోజుల తర్వాత అరుగు మీద కూర్చుని తాటిముంజెలు తింటున్నాం.

"మొదటిది ఎలా ఉందే?"

"ఆపేశాను."

"మన ఊరిలాగే ఉంది కదే, కాలవా అదీ..."

"కాలవ రోజూ చూస్తున్నాగా అత్తా. ఆ పిల్ల మొదట్నుంచీ ఏడుస్తూనే ఉంది. నాకేం అర్థం కాలేదంటే, ఒక్కసారి కూడా కోపం రాదేంటి?" బొటనవేలితో ముంజెని నొక్కితే నీళ్ళు మోచేతి దాకా కారాయి. గౌనుకి తుడుచుకుని, "ఆ జపాన్‌ది బాగుంది. దాన్ని మొదటి బళ్ళోంచి పంపేశారు, తెలుసా? డెస్కు మూత మాటిమాటికీ తీసి వేస్తోందని. మా సైన్స్ మేడం నన్ను కిటికీ పక్కనుంచి లేపేసింది అందుకే. బయటికి చూస్తున్నానని."

ఆ కిటికీ సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి 'దగ్గరిది' అన్న మాటకి నా లెక్క మారింది. ఊరు, యాస, చెట్టు కలవడం చాలా సంతోషమే, అలాంటి కథలు ఇంకా ఎక్కువ రావాలి కూడా. కానీ పిల్ల తనని తాను పోల్చుకునేది కోపంలో, సిగ్గులో, అల్లరిలో. ఎనభై ఏళ్ళకి పైగా కిందటి టోక్యో పిల్లతో లంక పిల్లకి చుట్టరికం అక్కడ కలిసింది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పుస్తకంలో ఒక చిన్న స్నేహితుడు చనిపోతాడు, చివర్న యుద్ధంలో బాంబులు పడి బడి కాలిపోతుంది. ఆ పేజీలు వచ్చే రోజు మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఆపేసే హక్కు పిల్లకి ముందే ఇచ్చేయండి. ఇరవై పేజీలు చదివాక నచ్చకపోతే పక్కన పడేయొచ్చు, ఎందుకని అడగం అని. పుస్తకాన్ని సగంలో వదలకూడదని మా నాన్నగారు చెప్పేవారు. ఆ మాట విని నేను ఎన్ని పనికిమాలిన నవలలు పూర్తి చేశానో లెక్కలేదు.

ఆరో అడుగు: ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడే విషయాలు

"టీచర్ గారూ, ఇందులో ప్రేమా గీమా ఏం లేవు కదండీ?" అని అమ్మలు అడుగుతారు. ఆ భయాన్ని వెక్కిరించకండి. పది పన్నెండేళ్ళ పిల్లకి ఏదైనా ఇవ్వొచ్చని నేను కూడా అనను. పాత వీక్లీ సీరియళ్ళలో ఆడపిల్లని ఏడిపించడమే సరసమన్నట్టు రాసినవి చాలా ఉన్నాయి. ప్రేమ అన్న మాట లేని సీరియల్లో కూడా అది ఉండొచ్చు. నేను భయపడేది వాటికి. అదే ఒక కథలో ఏడో తరగతి పిల్లకి క్లాసులో ఒక అబ్బాయి నచ్చితే, అది ఎవరికీ చెప్పుకోలేక పెన్సిల్ కొరుకుతుంటే, అందులో తప్పేముంది?

నెలసరి గురించి కథ దొరికితే మాత్రం వదలొద్దు. 9, 10 ఏళ్ళకే అవసరపడుతున్న పిల్లలున్నారు. ఫంక్షన్ రోజున వచ్చే చుట్టాల మాటలకన్నా ముందు, ఒక కథలో ఇంకో పిల్ల భయపడి, తర్వాత తేలికపడటం చదివి ఉంటే ఎంతో తేడా. ఇవ్వడంలో హడావుడి వద్దు. మిగతా రెండు పుస్తకాల మధ్య పెట్టి ఇచ్చేయండి. చదివిందో లేదో ఆరా తీయకండి.

పాత నవలల్లో పన్నెండేళ్ళకి పెళ్ళిళ్ళు, కులం పేరుతో తిట్లు, విధవల కష్టాలు వస్తాయి. దాచడం నాకిష్టం లేదు, ఒంటరిగా వదిలేయడం అంతకన్నా ఇష్టం లేదు. అలాంటివి కలిసి చదవండి. ఏదైనా కథ చదివాక పిల్ల ఉన్నట్టుండి మూగబోతే, ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ తీస్తుంటే, పుస్తకం పక్కనపెట్టి పిల్ల పక్కన కూర్చోండి. ఇబ్బంది పెడుతున్న మనిషి ఎవరైనా ఉన్నట్టు తెలిస్తే పిల్లల సహాయం కోసం 1098కి ఫోన్ చేయొచ్చని మీకూ తెలిసుండాలి, పిల్లకీ తెలిసుండాలి.

ఏడో అడుగు: తెలుగు గడగడా రాని పిల్లలకి

ఇంగ్లీష్ మీడియం పిల్లలు కథ వినమంటే చెవులప్పగిస్తారు, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వాళ్ళని సిగ్గుపరచకండి. మొదటి అధ్యాయం మీరే పైకి చదవండి. మంచి పట్టు దగ్గర ఆపి, "ఉండు, కుక్కర్ విజిలొచ్చింది" అని వంటింట్లోకి వెళ్ళిపోండి. అయిదు నిమిషాలు ఆలస్యంగా రండి. నా అనుభవంలో ఈ పద్ధతి ఎప్పుడో తప్ప ఫెయిల్ కాలేదు.

ఫోన్ కూడా ఇక్కడ పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి మెట్లు నాలుగు ఉంటాయి, ఈ వయసుకి మూడు, నాలుగు మెట్లు చూడండి. చాలా కథలు ఇంగ్లీష్‌లో కూడా ఉంటాయి కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. అవి పది నిమిషాల్లో అయిపోయేవి, చిరుతిండి లాంటివి. భోజనం మాత్రం లైబ్రరీలోనే. అనంతపురం వైపు నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక కూడా నెట్‌లో ఉంది. పల్లెటూరి పిల్లలు తామే రాసిన కథలుంటాయి అందులో. పిల్లలు రాసిందని తెలియగానే మా క్లాసులో ఆడపిల్లలు రెట్టింపు శ్రద్ధగా చదివారు, తప్పులు పట్టడానికి కూడా.

ఎనిమిదో అడుగు: చదివాక

"ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. అంతే.

నలుగురు పిల్లలుంటే ఇంకా తేలిక. మా వీధిలో ఆదివారం సాయంత్రం మామిడికాయ ముక్కలూ ఉప్పుకారం పెట్టుకుని కూర్చుంటారు. ఎవరు చదివింది వాళ్ళు చెబుతారు, కానీ చివర ఏమైందో చెప్పకూడదన్నది నియమం. ఆ నియమం వల్లే పుస్తకాలు చేతులు మారతాయి. నేను దూరంగా కూర్చుని వత్తులు చేసుకుంటూ వింటాను. దగ్గరికెళ్తే మాట మార్చేస్తారు.

లైబ్రరీ పుస్తకంలో గీతలు గీయడం తప్పు. కానీ చిన్న చీటీ మీద "42వ పేజీ చూడు, అచ్చం మన హెచ్చెం" అని రాసి లోపల పెట్టడం ఎవరికీ నష్టం కాదు. మా లైబ్రేరియన్ గారు ఆ చీటీలు చూసి చూడనట్టు ఊరుకుంటారు. ఒకసారైతే రైలుబడిలో ఆయనే ఒక చీటీ పెట్టారు.

తొమ్మిదో అడుగు: లేని పుస్తకాన్ని రప్పించుకోవడం

బీరువాలన్నీ గాలించినా సరిపడేవి అయిదారుకి మించి ఉండకపోవచ్చు. అప్పుడు అడగాలి. పుస్తకాలు కొనేది జిల్లా గ్రంథాలయ సంస్థ. మన శాఖలో సూచనల రిజిస్టర్ ఉంటే అందులో రాయండి, లేకపోతే తెల్లకాగితం మీద రాసి లైబ్రేరియన్ గారి ద్వారా పంపండి. 'మంచి పిల్లల పుస్తకాలు కావాలి' అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ కదలదు. పుస్తకం పేరు, ప్రచురణకర్త, ధర, ఎన్ని ప్రతులు కావాలి అన్నవి వరసగా రాసి, కింద పిల్లల చేత సంతకాలు పెట్టించండి. మేం మొదటిసారి పంపిన లిస్టు ఏదో డ్రాయర్లో ఏడాది పడుకుంది. రెండోసారి జిరాక్స్ ఉంచుకుని, నెలకోసారి పిల్లలే వెళ్ళి "మా లిస్టు ఏమైందండీ?" అని అడిగారు. పద్నాలుగింట్లో నాలుగు పుస్తకాలొచ్చాయి.

ఇలాంటివి కదపడానికి రెండు మంచి సమయాలున్నాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, ఎండాకాలంలో పిల్లలకి పెట్టే వేసవి శిబిరం. వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వం ఎలాగూ ఉంటాయి. ఒక సాయంత్రం పిల్లలు తమకి నచ్చిన కథ పైకి చదివే కార్యక్రమం పెట్టమని అడగండి. ఖర్చు లేని పని కాబట్టి ఒప్పుకుంటారు. పెద్దవాళ్ళెవరైనా వచ్చి వింటే ఆ లిస్టు వాళ్ళ చేతికే ఇచ్చేయొచ్చు.

చివరగా, తెచ్చిన పుస్తకం తిరిగిచ్చే తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. లంక ఊళ్ళవాళ్ళు జులై, ఆగస్టులో ఇంకొకటి కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి వరద హెచ్చరిక అని వినగానే బియ్యంతోపాటు లైబ్రరీ పుస్తకాల్ని కూడా యూరియా సంచిలోని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీదికి ఎక్కించండి. మా స్కూల్లో ఒకమ్మాయి కిందటి వరదలో గట్టు మీదికి వెళ్ళేటప్పుడు పుస్తకాన్ని బట్టల మూటలో పెట్టుకెళ్ళింది. మూడు రోజుల తర్వాత తెచ్చి ఇస్తే అట్ట ఉబ్బి ఉంది. లైబ్రేరియన్ గారు దాన్ని ఎండలో పెట్టి, "గడువు దాటింది కదా, ఫైన్ కడతావా?" అన్నారు నవ్వుతూ. ఆ పిల్ల, "ఇంకా అవ్వలేదండి, పన్నెండు పేజీలున్నాయి. మళ్ళీ రాయండి" అని రిజిస్టర్ ఆయన ముందుకి జరిపింది.